చేతులు వెనక్కి

మైవోర్ దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చిన కొత్త నర్సుల్లో మొదటి రోజే కళ్ళనీళ్ళు పెట్టుకోని పిల్ల అరుదు. అలాగని ఆవిడ చెయ్యి చేసుకునే మనిషి కాదు, అరిచే మనిషీ కాదు. ఏళ్ళ తరబడి చదివి, పరీక్షలు గట్టెక్కి, ఇస్త్రీ మడత నలగని యూనిఫాం వేసుకుని, పసికందుల ప్రాణాలు కాపాడేద్దామని ఉరుకుల పరుగుల మీద వచ్చిన అమ్మాయిని తీసుకెళ్ళి ఒక ఇంక్యుబేటర్ పక్కన నిలబెట్టేది. "చేతులు వెనక్కి పెట్టుకో. ఇవాళంతా చూస్తూ ఉండు. ముట్టుకున్నావో, ఆ వేళ్ళు కాఫీలో ముంచుకు తాగేస్తాను" అనేది. ఆ అమ్మాయి నవ్వాలో ఏడవాలో తెలియక సాయంత్రం దాకా అలాగే నిలబడేది.

స్వీడన్ ఉత్తర తీరాన ఒక రేవు పట్టణం. అక్కడి పెద్దాసుపత్రిలో పసిపిల్లల ఐసీయూ. అందులో ముప్ఫై ఏళ్ళకు పైగా పాతుకుపోయిన మనిషి మైవోర్. పొట్టి జుట్టు, గట్టి ఎముక, ముక్కు మీద కోపం. డాక్టరైనా గది ఊడ్చే మనిషైనా అక్కడ అందరూ అందరినీ 'నువ్వు' అనే అంటారు. అయినా మైవోర్ వరండాలో ఎదురొస్తుంటే పెద్ద డాక్టరు సిక్స్టెన్ కూడా ఒకసారి తన చేతులెక్కడున్నాయో చూసుకునేవాడు.

ఆవిడ పంతానికి కారణం లేకపోలేదు. ఆవిడ ఉద్యోగంలో చేరిన కొత్తలో అమ్మానాన్నలు అద్దం అవతల నిలబడి బిడ్డను చూసి వెళ్ళిపోయేవారు. నెలల తర్వాత బిడ్డను చేతికిస్తే ఎలా పట్టుకోవాలో తెలియక తల్లులు వణికిపోయేవారు. ఆ అద్దాలు తీయించడానికి మైవోర్ పై వాళ్ళందరితో కొట్లాడింది. ఇప్పుడు బిడ్డకొక గది. ఆ గదిలోనే తల్లో తండ్రో పక్క వేసుకుని కాపురం ఉంటారు. డయపర్ మార్చేది వాళ్ళే, ముక్కులోని ట్యూబు గుండా పాలు పట్టేది వాళ్ళే, చొక్కా విప్పి గుండెల మీద పడుకోబెట్టుకునేదీ వాళ్ళే. నర్సు తలుపు తట్టి, రమ్మంటేనే లోపలికి వెళ్ళాలి.

"గది వాళ్ళది, బిడ్డ వాళ్ళది. మనం చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళం" అనేది మైవోర్. "చుట్టాలు వంటింట్లో దూరి గరిటె లాక్కుంటారా? లాక్కుంటే మళ్ళీ ఎవరైనా పిలుస్తారా?"

ఇంతటితో ఊరుకుంటే బాగానే ఉండేది. కానీ ఆవిడకు వేళాకోళం ఎక్కువ. ఒక చలికాలం సెలవుల్లో ఎర్ర ఉన్నితో ఒకే ఒక్క చేతితొడుగు అల్లి తెచ్చి కాఫీగదిలో పెట్టింది. అమ్మానాన్నలు చేసుకోగలిగిన పనిలో వేలు పెట్టిన నర్సు ఎవరైనా సరే, శుక్రవారం కాఫీల వేళ ఆ తొడుగు ఆ నర్సు కోటు తగిలించుకునే కొక్కేనికి ఎక్కేది. వారమంతా అక్కడే వేలాడేది. పై శుక్రవారం అందరికీ దాల్చినచెక్క బన్నులు తేవాల్సిందీ ఆవిడే. తొడుగు తగిలిస్తున్నప్పుడు అందరూ బల్ల మీద చప్పుడు చేసి నవ్వేవారు. తగిలించుకున్న మనిషీ నవ్వేది. నవ్వకపోతే బాగుండదు కదా!

తొడుగు వచ్చిన కొన్నేళ్ళకు, ఒక చలికాలం చివర్లో వచ్చిన పిల్ల పేరు లోవీసా. చురుకైనది, సిగ్గరి, తప్పు చేస్తానేమోనని ఎప్పుడూ బెదురుగా చూసేది. వచ్చిన మొదటి వారమే తొడుగు తెచ్చుకుంది. ఒక బిడ్డ గడ్డం మీద పాల చుక్క కారుతుంటే, తల్లి గుడ్డ అందుకునే లోపల తానే తుడిచేసింది పాపం. రెండో వారం మళ్ళీ తొడుగు ఆమెకే. ఈసారి ఒక తండ్రి డయపర్ తిరగేసి పెడుతుంటే నోరు జారి "అటు కాదు" అంది.

"రెండు వారాలు వరసగా!" అంది మైవోర్, తొడుగును గాల్లో ఊపుతూ. "ఏమ్మా లోవీసా, మీ ఊళ్ళో బన్నుల దుకాణం పెట్టారా ఏమిటి? మిగిలిపోయినవి మా మీద వదిలించుకుంటున్నావా?"

అందరూ గొల్లుమన్నారు. లోవీసా చెవులు ఎర్రబడ్డాయి.

"ఇంక చెయ్యను" అంది.

"మాటలొద్దు. పద, నీకొక మనిషిని చూపిస్తాను. అతన్ని చూస్తూ కూర్చో. చదువులో చెప్పనిది నేర్చుకుంటావు."

ఆ మనిషి ఈసాక్. అడవి దుంగలు తోలే లారీ డ్రైవరు. తలుపులో పట్టనంత మనిషి, నోట్లోంచి మాట రాలడం గగనం. అతని కొడుకు ఆల్వే నెలలు నిండక ముందే, పావురంపిల్లంత ఉండగా పుట్టాడు. పుట్టిన కొత్తలో ఈసాక్ గది మూలన నిలబడి, "నా అరచేతిలో నలిగిపోతాడు" అని ఒక్క మాట అన్నాడు, అంతే. మైవోర్ అతని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి బిడ్డ తల మీద పెట్టించింది. ఆ తర్వాత ఏ పనైనా ఒక్కసారి చూపిస్తే చాలు, ఆ లావుపాటి వేళ్ళతో పూస గుచ్చినట్టు చేసేవాడు. రెండు నెలలు దాటేసరికి ఆల్వే వెంటిలేటర్ వదిలేశాడు, బుగ్గలు వచ్చాయి, తనంతట తాను ఊపిరి తీస్తున్నాడు. ఇక ముక్కులో పాల ట్యూబు ఒక్కటే మిగిలింది. అది తీసేస్తే ఇంటికే. తల్లి మిమ్మికి జలుబూ జ్వరమూ తగిలి ఆ వారం వార్డులోకి రానివ్వలేదు. ఊళ్ళో ఉండి పూటకోసారి ఫోన్ చేసేది. ఉయ్యాలకు రంగు వేశానని చెప్పేది.

ఈసాక్ అంటే మైవోర్‌కు ఎంత గర్వమో చెప్పలేం. వచ్చిన ప్రతి కొత్త నర్సునూ అతని గదికి తీసుకెళ్ళి, అతని ఎదుటే చెప్పేది: "ఈ చేతుల్ని చూసి నేర్చుకోండి. ఇక్కడ మీకంటే, నాకంటే, ఆ సిక్స్టెన్ కంటే పనిమంతుడు ఇతనే." ఈసాక్ నేల చూపులు చూస్తూ కొడుకు డయపర్ సర్దుకునేవాడు. లోవీసాకూ ఆ మాటే చెప్పింది.

ఆ రోజు మధ్యాహ్నం పాలు పట్టే వేళ. మైవోర్ లోవీసాను ఆల్వే గదిలో వదిలిపెట్టింది. "నేను పాలగదిలో ఉంటాను. ఈసాక్ చేసుకుంటాడు. నువ్వేం చెయ్యాలి?"

"చేతులు వెనక్కి" అంది లోవీసా.

"బంగారు తల్లివి" అని మైవోర్ వెళ్ళిపోయింది.

పాలగదిలో ఆవిడ సీసాల మీద పేర్లు సరిచూస్తూ ఉంటే మానిటర్ మోత వినిపించింది. ఆ వార్డులో మోతలకు కరువా? నెల తక్కువ పిల్లలు ఊపిరి తీయడం మరిచిపోతూ ఉంటారు. వీపు నిమిరితే గుర్తొస్తుంది, మోత ఆగుతుంది. మైవోర్ ఇంకో సీసా తీసుకుంది. మోత ఆగలేదు. సీసా కింద పెట్టింది. ఆగలేదు. గొంతు మారింది, పెద్ద మోత మొదలైంది. అది ఆల్వే గది నుంచి.

ఆవిడ పరుగెత్తింది. తలుపు తట్టలేదు. తోసుకుని లోపలికి వెళ్ళింది.

ఏం చూసిందని చెప్పను! ఈసాక్ వాలుకుర్చీలో ఉన్నాడు. ఒక చేత్తో పాల సిరంజి పైకెత్తి పట్టుకున్నాడు. రెండో చేత్తో గుండెల మీది బిడ్డ వీపు నిమురుతున్నాడు. బిడ్డ ముఖం నేరేడుపండు రంగులో ఉంది. నోటి మూలల్లోంచి పాలు కారుతున్నాయి. ముక్కు దగ్గర ప్లాస్టర్ ఊడి, ట్యూబు బయటికి జారి వేలాడుతోంది. దాని మీద లోపల ఉండాల్సిన నల్ల గీత బయట, వేలెడంత దూరంలో, తలుపు దగ్గరున్న మనిషికి కూడా కనిపిస్తోంది. వాళ్ళకు రెండడుగుల దూరంలో, గోడకు ఆనుకుని, లోవీసా. చేతులు వెనక్కి. ముఖాన చిరునవ్వు. చెరిపేసుకోవడం మరిచిపోయినట్టు ఆ నవ్వు అలాగే ఉంది.



"అప్పుడప్పుడూ ఇలా అవుతుంది" అన్నాడు ఈసాక్, నెమ్మదిగా. "సర్దుకుంటాడు."

ఆవిడ సిరంజి లాగేసింది. బిడ్డను అతని గుండెల మీంచి పీకినట్టే తీసుకుని బల్ల మీద పడుకోబెట్టింది. గోడ మీది ఎర్ర బొత్తాం మోచేత్తో కొట్టింది. సక్షన్ గొట్టం పెట్టి లాగితే పాలు, పాలు, ఇంకా పాలు. ముఖానికి మాస్కు ఆనించి గాలి సంచి నొక్కింది. ఛాతీ లేవలేదు. మళ్ళీ లాగింది, మళ్ళీ నొక్కింది. "రా నాయనా, రా! రా నా తండ్రీ!" అని తనకు తెలియకుండానే అరుస్తోంది. ముప్ఫై ఏళ్ళలో ఆ వార్డులో ఆవిడ గొంతు అంత పైకి లేవడం ఎవరూ వినలేదు.

సిక్స్టెన్ వచ్చాడు. గొంతులోకి గొట్టం వేశాడు. మానిటర్ మీద అంకె పడిపోయిన చోట నుంచి కదిలింది, పాకింది, మళ్ళీ పడింది, మళ్ళీ పాకింది. బిడ్డను వెంటిలేటర్‌కు తగిలించి, చక్రాల బల్ల మీద లోపలి గదికి తోసుకుపోయారు. ఎక్స్‌రేలో ఊపిరితిత్తులు రెండూ తెల్లగా మసకేసి ఉన్నాయి. పాలు కడుపులోకి కాదు, ఊపిరిలోకి పోయాయి.

"ఇవాళా రేపూ గడవాలి" అన్నాడు సిక్స్టెన్.

మైవోర్ వరండాలోకి వచ్చి గోడ పట్టుకుంది. రేపో ఎల్లుండో ఇంటికి వెళ్ళాల్సిన బిడ్డ! తన కళ్ళ ముందు బుగ్గలు పెంచుకున్న బిడ్డ! లోవీసా అక్కడే నిలబడి ఉంది. ఇంకా చేతులు వెనక్కే.

"చేతులు ముందుకు తీసుకో" అంది మైవోర్.

లోవీసా తీసుకుంది.

"ట్యూబు జారిపోయింది. నువ్వు చూడలేదా?" అంది మైవోర్. చూడలేదు అంటే ఏం చెప్పాలో ఆవిడకు తెలుసు. ముప్ఫై ఏళ్ళలో ఎంతమంది కొత్త పిల్లలను తిట్టలేదు, తిట్టి ఎంతమందిని దగ్గరికి తీసుకోలేదు! కొత్త కళ్ళకు కనిపించవు. అది నేర్పగలిగిన సంగతే.

"చూశాను" అంది లోవీసా.

"ఎప్పుడు?"

"బిడ్డ చెయ్యి పెట్టి లాక్కున్నాడు. అప్పుడే చూశాను. ఈసాక్ ఇంకా పాలు పొయ్యలేదు."

మైవోర్ విన్నది సరిగ్గా విన్నానా అని ఆ పిల్ల ముఖంలోకి చూసింది.

"పాలు పొయ్యకముందే చూశావు."

"ఊఁ."

"చూసి, ఊరుకున్నావు."

"అతను చూసుకుంటాడనుకున్నాను. అతనికి నాకంటే బాగా తెలుసు కదా, నువ్వే అన్నావు. మళ్ళీ నోరు జారితే..." లోవీసా ముఖం తిప్పుకుంది. "మళ్ళీ ఆ తొడుగు వస్తే ఈ వార్డులో నన్నుంచరని అనుకున్నాను. మోత మొదలయ్యాక చెబుదామనుకున్నాను, నిజం. నోరు తెరిచాను. అతను అంత నిదానంగా వీపు నిమురుతున్నాడు. నాకు మాట రాలేదు, మైవోర్. నాకు మాటే రాలేదు."

మైవోర్‌కు ఆ పిల్లను లాగి ఒకటి ఇవ్వాలనిపించింది. ఆ వెంటనే తనను తాను కొట్టుకోవాలనిపించింది. రెండూ చెయ్యలేదు. గిర్రున వెనక్కి తిరిగి కాఫీగదికి నడిచింది. తొడుగు లోవీసా కొక్కేనికే వేలాడుతోంది. లాగి చెత్తబుట్టలో పారేసింది. కాఫీ పిప్పి మీద పడింది అది.

సిక్స్టెన్ వెనకే వచ్చి తలుపు మూశాడు.

"ఆ పిల్ల చూసిందట" అంది మైవోర్. "చూసి నోరు మూసుకుందట! ఆడుతూ పాడుతూ నవ్వుకోవడానికి పెట్టిన ముష్టి తొడుగు! దానికి భయపడి ఎవరైనా బిడ్డ ప్రాణం మీదికి తెస్తారా? నువ్వు చెప్పు, సిక్స్టెన్. నువ్వైతే ఊరుకుంటావా?"

సిక్స్టెన్ వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"ఊరుకున్నాను" అన్నాడు.

"ఏమిటీ?"

"కిందటి శీతాకాలం, ఆ కవల పిల్లల గదిలో. తల్లి గుండెల మీద బిడ్డ మెడ వంగిపోయి ఉంది. చూశాను. నువ్వు పక్కన నిలబడి చూస్తున్నావు. చెప్పాలా వద్దా అని ఆలోచించి బయటికి వచ్చేశాను. ఒక నిమిషం తర్వాత మనసు ఊరుకోక వెనక్కి వెళ్ళాను. ఆమె అప్పటికే సరిచేసుకుంది, మన అదృష్టం."

"నువ్వు డాక్టరువయ్యా!"

"డాక్టర్నే. ఆ తొడుగు నా కొక్కేనికి కూడా వేలాడింది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను." సిక్స్టెన్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "నాకేమీ నవ్వు రాలేదు, మైవోర్."

ఆవిడ కుర్చీలో కూలబడింది. ఇన్నేళ్ళూ తన వార్డు ప్రశాంతంగా ఉంటుందని, పిట్ట రెక్క చప్పుడు కూడా వినిపిస్తుందని ఊరంతా చెప్పుకుంది. ఇతర ఆసుపత్రుల నుంచి జనం వచ్చి చూసి వెళ్ళారు. ఆ నిశ్శబ్దంలో ఎంతమంది ఏమేమి మింగి కూర్చున్నారో!

"తండ్రికి ఇప్పుడే ఏమీ చెప్పకు" అన్నాడు సిక్స్టెన్. "విచారణ జరుగుతుంది. ఆ పిల్ల ఉద్యోగం, నీ ఉద్యోగం..."

"బిడ్డ ఎలా ఉన్నాడు?"

"మెలికలు తిరుగుతున్నాడు. మిషన్ ఊపిరికి ఎదురు తిరుగుతున్నాడు, ఆక్సిజన్ పడిపోతోంది. మత్తు ఇంకా పెంచితే ప్రమాదం. తండ్రి చెయ్యి పెడితే నెమ్మదిస్తాడు, వాడికి ఆ చెయ్యి తెలుసు. కానీ అతను ముట్టుకోనంటున్నాడు."

మైవోర్ లోపలి గదికి వెళ్ళింది. ఇంక్యుబేటర్ అటువైపు. ఇటువైపు, గది చివర, తలుపు పక్కన ఈసాక్. లోపల అంత వెచ్చగా ఉన్నా కోటు తొడుక్కుని, చేతులు రెండూ జేబుల్లో కుక్కుకుని కూర్చున్నాడు. ఫోను పక్క కుర్చీలో ఉంది. అందులోంచి మిమ్మి గొంతు వినిపిస్తోంది, జలుబుతో, ఏడుపుతో. "పాలు ఎవరు పోశారు ఈసాక్? ఎవరు పోశారో చెప్పు."

"నేనే" అన్నాడు ఈసాక్.

మిమ్మి ఫోను పెట్టేసింది.

మోత మొదలైంది. ఆల్వే వీపు విల్లులా వంచుతున్నాడు. గొంతులో గొట్టం ఉన్న బిడ్డ ఏడుపు పైకి వినపడదు, ముఖం మాత్రం ఏడుస్తుంది. డ్యూటీలో ఉన్న నర్సు చెయ్యి పెట్టింది. వాడు ఇంకా తన్నుకున్నాడు.

"ఈసాక్, రా" అంది మైవోర్. "వాడికి నీ చెయ్యి కావాలి."

"నా చెయ్యే చేసింది ఇది."

"కాదు. విను." మైవోర్ అతని ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. "విచారణ అయ్యేదాకా ఆగమన్నారు. నేను ఆగను. ట్యూబు జారిన సంగతి లోవీసా చూసింది. నువ్వు పాలు పొయ్యకముందే చూసింది. చెప్పలేదు. చెప్పకుండా నిలబడడం ఆ పిల్లకు నేర్పింది నేను. ఏడిపించి మరీ నేర్పాను. తప్పు నీది కాదయ్యా. తిట్టు, కేసు పెట్టు, ఏం కావాలంటే అది చెయ్యి. కానీ ముందు లేచి వాడి దగ్గరికి రా."

అతను మండిపడతాడనుకుంది. కోటు విసిరికొట్టి లేస్తాడనుకుంది. అతను నేల వైపే చూస్తూ ఉన్నాడు.

"నేనూ చూశాను" అన్నాడు.

"ఏం చూశావు?"

"గీత బయటికి వచ్చింది. చూశాను. సిరంజితో వెనక్కి లాగితే రోజూ వచ్చేది రాలేదు. వచ్చిన చుక్కతో కాగితం తడిపితే రంగు మారలేదు."

కడుపులోని ఆమ్లం తగిలితే రంగు మారాల్సిన కాగితం అది, మారలేదంటే ట్యూబు కడుపులో లేనట్టే. "మరి ఎందుకు పోశావు?"

"ఆ అమ్మాయి వైపు చూశాను. నవ్వింది. అయితే ఫరవాలేదు కాబోలు అనుకున్నాను."

"అడగలేకపోయావా? 'ఏమిటిది' అని ఒక్క ముక్క!"

ఈసాక్ తల ఎత్తాడు. ఆ ముఖంలో కోపం లేదు. కోపం ఉన్నా ఆవిడ తట్టుకునేది.

"నన్ను చూసి నేర్చుకోవడానికి వచ్చిన పిల్లను నేనెలా అడగను? నువ్వే కదా తీసుకొచ్చి కూర్చోబెట్టావు, ఇక్కడ అందరికంటే పనిమంతుడు ఇతనే అని. ఆ అమ్మాయినే కాదు, అందరినీ తెచ్చి కూర్చోబెట్టావు. నువ్వు ఆ మాట అన్న రోజు నుంచీ నేను ఎవర్నీ ఏమీ అడగలేదు. తెలియకపోతే మీరంతా వెళ్ళాక ఫోన్లో వెతుక్కునేవాణ్ణి. దొరికితే దొరికేది. దొరకకపోతే, కిందటిసారి ఎలా చేశానో అలాగే చేసేవాణ్ణి."

మైవోర్ అలాగే మోకాళ్ళ మీద ఉండిపోయింది. లేవాలని కూడా తోచలేదు. ఆ లోవీసాకు భయం పెట్టింది తను. ఇతనికి పొగడ్త పెట్టింది. ఇద్దరి నోళ్ళూ కట్టేసి, ఇద్దరినీ ఒక బిడ్డ దగ్గర కూర్చోబెట్టి, పాల సీసాల మీద పేర్లు చదువుకోవడానికి వెళ్ళింది. ఇద్దరూ చూశారు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని ధైర్యం తెచ్చుకున్నారు.

మోత మళ్ళీ పెద్దదైంది.

"ఈసాక్" అంది ఆవిడ. ఆ గొంతు తనదేనా అనిపించింది. "ఇప్పుడు అడుగు. ఎంత చిన్నదైనా అడుగు. నాకు తెలిస్తే చెబుతాను. తెలియకపోతే సిక్స్టెన్‌ను పిలుస్తాను. కానీ లే. దయచేసి లే."

ఈసాక్ లేచి కోటు విప్పాడు. సబ్బుతో మోచేతుల దాకా కడుక్కున్నాడు. ఇంక్యుబేటర్ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. చేతులు గాల్లోనే ఉన్నాయి.

"ఎక్కడ పెట్టాలి?" అని అడిగాడు.

నీకు తెలియదా అన్న మాట మైవోర్ నాలుక చివరి దాకా వచ్చింది. మింగేసింది.

"ఒకటి తల మీద. ఒకటి పాదాల కింద."

"ఎంత నొక్కాలి?"

"నొక్కవద్దు. ఉంచు, అంతే. కదపకు."

"ఈ గొట్టం తగిలితే ఊడుతుందా?"

"ఊడుతుంది. అందుకే ఇటు పక్క నుంచి పెట్టు. ఆఁ, ఇలా."

పెద్ద చేతులు రెండూ దిగాయి. ఆల్వే ఒకసారి తన్నాడు, ఇంకోసారి తన్నాడు. ఆ పాదాలకు అరచెయ్యి ఆనింది. వీపు వంపు నెమ్మదిగా జారింది. మానిటర్ మీద అంకె ఎటూ పోకుండా నిలబడింది, కాసేపటికి ఒక మెట్టు ఎక్కింది. ఎవరూ ఊపిరి పీల్చుకోలేదు, ఎందుకంటే ఇంకా ఇవాళా రేపూ గడవలేదు.

తలుపు దగ్గర లోవీసా నిలబడి ఉందని మైవోర్‌కు అప్పుడు కనిపించింది. ఏడ్చి ఏడ్చి ముఖం వాచిపోయింది. "లోపలికి రా" అంది మైవోర్. "నీకు ఏదైనా తేడాగా కనిపిస్తే గట్టిగా చెప్పు. నేను చేస్తున్నదైనా సరే."

లోవీసా వచ్చి ఇటువైపు నిలబడింది. ఈసాక్ ఆమె వైపు చూశాడు. ఆమె నవ్వలేదు. అతను ఆ చూపు తిప్పుకోకుండానే మళ్ళీ అడిగాడు.

"ఆ కాగితం ఉంది కదా, మైవోర్. సిరంజితో వెనక్కి లాగి తడిపేది. అది రంగు మారితే ఏమిటి అర్థం? మారకపోతే ఏమిటి?"

మైవోర్ ఉలిక్కిపడింది. రెండు నెలలుగా, పూట తప్పకుండా, ఆ కాగితం తడిపి చూసి పాలు పోసిన మనిషి అడుగుతున్నాడు. కొత్త పిల్లలంతా చూసి నేర్చుకున్న మనిషి!

"నీకు చెప్పాను కదా" అంది. "వచ్చిన కొత్తలోనే చెప్పాను. పక్కన కూర్చోబెట్టుకుని అంతా చెప్పాను."

"చెప్పే ఉంటావు" అన్నాడు ఈసాక్. "వీడు బతుకుతాడో లేదో తెలియని రోజులవి. నీ పెదాలు కదలడం కనిపించేది. నువ్వు చెప్పింది ఒక్కటీ నాకు వినపడలేదు."

మైవోర్ కుర్చీ లాక్కుని అతని పక్కన కూర్చుంది. మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టింది. ఒక్కొక్క మాటకూ ఆగి, అర్థమైందా అని అడిగింది. అతను చాలాసార్లు కాలేదన్నాడు.